కార్లో వచ్చి తిండి డబ్బా తీసుకునేవాడిది ఆకలేనా?

ఒడిశాలో మా రాయగడ జిల్లా గుణుపూర్ అబ్బాయి ఒకడు అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. 2025 నవంబరులో అమెరికా నుంచి వాళ్లక్క ఒక వీడియో పంపిందట. ఫుడ్ బ్యాంకు ముందు కార్ల వరస, మన మజ్జిగౌరమ్మ గుడి దగ్గర చైత్ర జాతరకి బళ్లు ఆగినట్టు. దాని కింద వాళ్ల బావగారి మాట: "కార్లు, ఐఫోన్లు ఉన్నవాళ్లకి ఆకలేంటి? ఊరికే వస్తుందంటే ఎవడైనా వస్తాడు." అబ్బాయి అడిగేది: అంత డబ్బున్న దేశంలో నిజంగా తిండికి లేనివాళ్లు ఉన్నారా? ఉంటే చుట్టూ ఉన్నవాళ్లు వాళ్లని అంత చులకనగా ఎందుకు మాట్లాడతారు? చివర్లో ఇంకో ముక్క తగిలించాడు: "మన దగ్గరా ఫ్రీ బియ్యం వచ్చాక కూలీలు దొరకట్లేదు కదండీ, ఇదీ అలాంటిదేనా?"

బాబూ, నేను రాయగడ వాణ్ణి. మా తాతగారు పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇరవై రెండేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కాశీపూర్, బిస్సంకటక్ వైపు పల్లెలు తిరిగాను. ఇప్పుడు మా అమ్మాయి అమెరికాలోని ఒహాయోలో ఉంటుంది. 2018, 2022, 2024ల్లో ఆర్నెల్ల చొప్పున అక్కడ ఉన్నాను. ఇంట్లో కూర్చుని టీవీ చూడ్డం నా వల్ల కాక, దగ్గర్లో ఒక చర్చి కింది అంతస్తులో నడిచే ఫుడ్ పాంట్రీలో వారానికి రెండు రోజులు డబ్బాలు సర్దేవాణ్ణి. (ఫుడ్ బ్యాంకు అంటే పెద్ద గోదాము. పాంట్రీ అంటే జనానికి చేతికిచ్చే చోటు. మన మాటల్లో ఒకటి డిపో, ఒకటి డీలరు కొట్టు.) ఇక్కడ అంబలి పోయించిన చేతులే అక్కడ పాస్తా ప్యాకెట్లు అందించాయి. అందుకని రెండూ పక్కపక్కన పెట్టి చెబుతాను. నీ చివరి ముక్కకి ఆఖర్లో వస్తాను, అది కాస్త చేదుగా ఉంటుంది.

ముందు ఆ వీడియో సంగతి. అమెరికాలో స్నాప్ అని ఒక పథకం ఉంది. పాత పేరు ఫుడ్ స్టాంపులు. 1964లో జాన్సన్ ప్రెసిడెంటుగా ఉండగా చట్టం అయింది, 2008లో పేరు మార్చారు. ఒకప్పుడు కాగితం కూపన్లు, ఇప్పుడు ఏటీఎం కార్డులాంటి కార్డు. నెలనెలా అందులో డబ్బు పడుతుంది, దుకాణంలో గీసి సరుకులు తెచ్చుకుంటారు. 2025లో సుమారు 4 కోట్ల 20 లక్షల మంది, అంటే ఎనిమిది మందిలో ఒకరు, ఆ కార్డు మీద ఆధారపడి ఉండేవారు. మనిషికి సగటున నెలకి 187 డాలర్ల దాకా, రోజుకి 6 డాలర్లు. ఆ డబ్బుతో సబ్బు కొనకూడదు, పిల్లలకి డైపర్లు కొనకూడదు, దుకాణంలో వేడిగా అమ్మే కోడికూర కొనకూడదు. 2025 అక్టోబరు 1 నుంచి బడ్జెట్ తగాదాతో అక్కడి కేంద్ర ప్రభుత్వం నలభై మూడు రోజులు మూతపడింది. నవంబరు మొదట్లో ఆ కార్డుల్లో పడాల్సిన డబ్బు పడలేదు. అప్పుడు ఆ జనం ఎక్కడికి పోతారు? పాంట్రీకే. మీ అక్క పంపిన వీడియో ఆ రోజులదే అయ్యుండాలి.

ఇక ఆకలి ఉందా అన్న ప్రశ్న. డొక్కలెండి పడిపోయిన మనిషిని నేను అక్కడ చూడలేదు. అక్కడి ఆకలికి ఒక తారీఖు ఉంటుంది. నెల మొదటి వారం పాంట్రీలో ఈగలు తోలుకునేవాళ్లం. మూడో వారం నుంచి రద్దీ, నాలుగో వారం తలుపు తీసేసరికే నలభై మంది. స్నాప్ కార్డు ఖాళీ అయ్యాక పది రోజులు గడపాలి. పిల్లలకి పెట్టి తల్లి "నాకు ఆకలి లేదు" అనే పది రోజులవి. ఆ మాట మా కోందు గిరిజనుల పల్లెల్లోనూ విన్నాను, ఒహాయోలోనూ విన్నాను. భాషే వేరు.

అక్కడి వ్యవసాయ శాఖ ఏటేటా ఇళ్లకి ప్రశ్నలు పంపేది. డబ్బు చాలక భోజనం తగ్గించారా? మానేశారా? ఆకలి వేసినా తినకుండా ఉన్నారా? ఇలాంటివి. 2023లో నూటికి 13.5 ఇళ్లకి ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తిండికి దిగులు పట్టింది. ఆ ఇళ్లలో ఉన్న జనం 4 కోట్ల 74 లక్షలు. వీళ్లంతా రోజూ పస్తులున్నారని కాదు. నూటికి 5 ఇళ్ల పరిస్థితి మాత్రం తిండి నిజంగానే తగ్గించుకునే దాకా వచ్చింది.

మరి కారు? మీ బావగారి లెక్క అక్కడే తప్పింది. రాయగడలో సైకిల్ లేకపోతే ఆటో ఎక్కుతాం, లేకపోతే నడుస్తాం. మా అమ్మాయి ఉన్న ఊళ్లో బస్సు అనేది వినికిడే తప్ప కనిపించదు. కారు అమ్ముకుంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది. నెలకి వచ్చే జీతంలోంచి ఇంటద్దె ఆగదు, కరెంటు ఆగదు, కారు వాయిదా ఆగదు, ఇన్సూరెన్సు ఆగదు. ఆగమంటే ఆగేది ఒక్క పొట్టే. కోత ఎప్పుడూ అక్కడే పడుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. అమెరికా పేదరికపు గీతని 1960ల మొదట్లో మోలీ ఒర్షాన్‌స్కీ అనే ప్రభుత్వ ఉద్యోగిని లెక్కగట్టింది. 1955 సర్వే ప్రకారం కుటుంబాలు ఆదాయంలో మూడో వంతు తిండికి ఖర్చు పెడుతున్నాయి. అందుకని చవక భోజనం ఖర్చుని మూడు పెట్టి హెచ్చవేసింది. ధరలు పెరిగిన మేరకి సవరించుకుంటూ అదే గీతని ఇప్పటికీ వాడుతున్నారు. ఇప్పుడేమో తిండి ఖర్చు సగటున పదో వంతుకి కాస్త ఎక్కువ, పెరిగింది అద్దె, వైద్యం, పిల్లల్ని చూసుకునే ఖర్చు. ఆ గీతకి పైన ఉన్నవాళ్లు కూడా మా పాంట్రీకి వచ్చేవారు. ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి స్నానాలు చేయించే ఆయా ఒకామె యూనిఫారంతోనే వచ్చేది. ఉద్యోగం ఉంది, కారు ఉంది, నెలాఖరుకి తిండి లేదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్నకి వద్దాం. దీని గురించి నాకు చాలా చెప్పాలని ఉంది.

2001 వానాకాలంలో కాశీపూర్ బ్లాకులో జరిగింది నీకు తెలియకపోవచ్చు, అప్పటికి పుట్టావో లేదో. జులై, ఆగస్టు నెలల్లో మామిడి టెంకల అంబలి తాగి ఇరవై మందికి పైగా గిరిజనులు చనిపోయారు. టెంక పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి, దంచి, వగరు పోయేదాకా ఏటి నీళ్లలో నానబెట్టి జావ కాస్తారు. తరతరాలుగా తింటున్నదే, విషం కాదు. తడిసి బూజు పట్టిన జీడితోనే ప్రమాదం. బూజు పట్టిందని కోందు ఆడదానికి తెలియదా? నీకూ నాకూ కన్నా బాగా తెలుసు. చోళ్లు అయిపోయి, కొండపోడు పంట ఇంటికి రావడానికి రెండు నెలలుండగా, బుట్టలో అదొక్కటే మిగిలింది కనుక వండింది.

సర్కారు ఏమందంటే, ఇవి ఆకలి చావులు కావు, కలుషిత ఆహారం తిని చనిపోయారు అంది. డాక్టరు కాగితం మీద అది అబద్ధమూ కాదు. మేము పల్లెల్లో పేర్లు రాసుకుని వస్తే ఒక అధికారి నన్ను కూర్చోబెట్టి, "ఆకలి అని రాయకండి, అస్వస్థత అని రాయండి" అన్నాడు. టీ కూడా ఇప్పించాడు. ఆ ఏడే దేశంలోని గోదాముల్లో దాదాపు 6 కోట్ల టన్నుల ధాన్యం మూలుగుతోంది. ఆ ఏప్రిల్‌లోనే పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్లింది, నవంబరు 28న బడుల్లో వండిన భోజనం పెట్టి తీరాలని ఆదేశం వచ్చింది. కానీ మా జిల్లాలో చాన్నాళ్లు వాదన జరిగింది మాత్రం ఒక్కదాని మీదే: దాన్ని ఏమని పిలవాలి?

సరిగ్గా ఐదేళ్ల తర్వాత, 2006లో, అమెరికా వ్యవసాయ శాఖ తన నివేదికల్లోంచి 'ఆకలి' అన్న మాట తీసేసింది. ఆ స్థానంలో 'అతి తక్కువ ఆహార భద్రత' వచ్చింది. వాళ్లు చెప్పిన కారణం కొట్టిపారేసేది కాదు. ఆకలి అనేది ఒక మనిషి ఒంటికి తెలిసేది, సర్వే కొలిచేది ఇంటి ఖర్చుల్ని, కాబట్టి రెండూ ఒకటి కాదు అన్నారు. అంకెలు దాచలేదు. అయినా చర్చి మెట్ల మీద పాత వాలంటీరు ఒకాయన ఈ సంగతి చెబుతుంటే నాకు ఆ టీ గ్లాసు గుర్తొచ్చింది. 1995 నుంచి నడుస్తున్న ఆ సర్వేనే ఇక చేయబోమని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. మాట మార్చడం వేరు, కొలవడమే మానేయడం వేరు. మన కాశీపూర్ అధికారికి కూడా ఆ ఉపాయం తట్టలేదు.

ఎందుకింత తంటా? ఆకలి అన్నామంటే వెంటనే పెట్టాలి. అందుకే ఆ మాట ఒప్పుకునే ముందు ఎదుటివాణ్ణి పరీక్షిస్తారు. వీడిది నిజమైన ఆకలేనా, వీడు అర్హుడేనా అని. అమెరికా జనం కఠినాత్ములు కారు. మా పాంట్రీకి డబ్బాలు మోసుకొచ్చి ఇచ్చేవాళ్లలో సగం మంది స్నాప్ పథకాన్ని తిట్టేవాళ్లే. నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ఒకామె యాభై డబ్బాల పీనట్ బటర్ కారులో తెచ్చి దింపుతూ, ప్రభుత్వం ఇస్తే జనం సోమరులవుతారు అనేది. తను పెడితే పుణ్యం, సర్కారు పెడితే చెడగొట్టడం. అక్కడ ఎప్పటినుంచో జనరల్ సోషల్ సర్వే అని ఒకటి జరుగుతోంది. 'వెల్ఫేర్'కి ప్రభుత్వం తక్కువ ఖర్చు పెడుతోందా అని అడిగితే అవునన్నవాళ్లు నూటికి పాతిక లోపే ఉండేవాళ్లు. అదే ప్రశ్న 'పేదలకు సాయం' అన్న మాటతో అడిగితే సగానికి పైగా అవునన్నారు. డబ్బు అదే, పేదలు వాళ్లే.

ఆ వెల్ఫేర్ అన్న మాటకి మరక అంటడం వెనక ఒక కథ ఉంది. 1976 ఎన్నికల ప్రచారంలో, తర్వాత ప్రెసిడెంటయిన రీగన్ ఊరూరా షికాగో ఆడమనిషి ఒకామె సంగతి చెప్పేవాడు. పదుల కొద్దీ మారుపేర్లతో సర్కారు సొమ్ము దండుకుందని. ఆ మనిషి నిజంగానే ఉంది, నిజంగానే పెద్ద మోసగత్తె. చిక్కేమిటంటే ఆ ఒక్క ముఖం లక్షల మంది తల్లులకి అతుక్కుపోయింది. మార్టిన్ గిలెన్స్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1988 నుంచి 1992 దాకా మూడు పెద్ద వారపత్రికల్లో పేదల ఫొటోలు లెక్కపెట్టాడు. వాటిలో నల్లజాతివాళ్లు నూటికి 62. నిజంగా దేశంలోని పేదల్లో వాళ్లు నూటికి 29. బీదవాడంటే ఎవడో పరాయివాడు అని ఒకసారి బుర్రలో పడ్డాక, వాడి మీద అనుమానం సులువు. మన దగ్గర కులం చేసే పనే అక్కడ రంగు చేస్తోంది.

మూలం ఇంకా వెనక ఉంది, అది మనకీ చుట్టమే. 1834లో ఇంగ్లండు తన పేదల చట్టం మార్చింది. సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లోకి (పేదల్ని ఉంచి పని చేయించుకునే చోటు) రావాలి, అక్కడి బతుకు బయటి అతిపేద కూలివాడి బతుకు కన్నా కష్టంగా ఉండాలి, అప్పుడే నిజంగా గతిలేనివాడు తప్ప ఎవడూ రాడు అన్నది దాని సూత్రం. అమెరికా కాలనీలు అంతకుముందు నుంచే ఇంగ్లండు పేదల చట్టాలు నేర్చుకున్నవి. అదే సూత్రం ఓడెక్కి మన వైపూ వచ్చింది. 1877 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజు కూలి ఒక పౌను ధాన్యం, పైన చిల్లర డబ్బులకి కోసేశాడు. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. ఎక్కువిస్తే బద్ధకిస్తారని. అప్పటికి మన గంజాం, జయపురం సంస్థానం అన్నీ ఆ ప్రెసిడెన్సీలోవే. అంతకు పదకొండేళ్ల ముందే, 1866లో, ఒడియావాళ్లు ఇప్పటికీ 'నఅంక' అని తలుచుకునే కరువులో లక్షల జనం పోయారు.

పని చేసి చూపిస్తేనే గంజి అనే ఆ పాత పరీక్ష అమెరికాలో ఇప్పటికీ సజీవంగా ఉంది. 1996లో క్లింటన్ హయాంలో వచ్చిన చట్టం ప్రకారం, ఒంట్లో శక్తి ఉండి, పిల్లలు లేనివాళ్లు వారానికి 20 గంటలు పని చేస్తున్నట్టు చూపించకపోతే మూడేళ్లలో మూడు నెలలే స్నాప్. 2025 జులైలో ఆ షరతుని 64 ఏళ్లవాళ్ల దాకా, 14 ఏళ్లు నిండిన పిల్లలున్న తల్లిదండ్రుల దాకా పొడిగించారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, పని చేస్తే తప్పేముంది? 2024లో మా పాంట్రీకి యాభైకి దగ్గరపడ్డ మనిషి ఒకడు వచ్చేవాడు, గోదాములో సామాన్లు ఎత్తే పని. ఒక వారం 26 గంటలు, ఒక వారం 11. ఎన్నిస్తారో మేస్త్రీ దయ. వాడు పని మానలేదు, పనే వాణ్ణి మానింది. గంటల కాగితం సంతకం పెట్టించుకోలేక కార్డు పోగొట్టుకున్నాడు. మన దగ్గర వేలిముద్ర పడక, కొండ మీద సిగ్నల్ లేక బియ్యం రాని ముసలిదాని కథ ఇదే కదా.

మోసం లేదా అంటే ఉంది. స్నాప్ కార్డుని తక్కువ డబ్బుకి దుకాణదారుకి అమ్ముకునేవాళ్లున్నారు. 2012–14 మధ్య లెక్కలు చూసి వ్యవసాయ శాఖే తేల్చింది: డాలరుకి ఒకటిన్నర సెంటు అలా పోతోందని. మాటల్లో మాత్రం ఆ ఒకటిన్నర సెంటే వినబడుతుంది, మిగతా తొంభై ఎనిమిదిన్నర సెంట్ల తిండి ఎవరికీ వినబడదు.

ఇంతా చెప్పి నన్ను నేను తప్పించుకుంటే పాపం. 2003లో ఒక పల్లెలో మా అంబలి కేంద్రానికి పేర్లు ఎంచుతున్నాను. ఒక గుడిసెలో చూరుకి రేడియో వేలాడుతోంది. రేడియో ఉన్నవాడికి అంబలెందుకని ఆ ఇల్లు దాటేశాను. ఎవరూ నన్నేమీ అనలేదు. వాళ్లకి అలవాటే. నాలుగు నెలల తర్వాత తెలిసింది: ఆ రేడియో, ఇటుక బట్టీకి దాదన్ మీద (ముందే డబ్బు తీసుకుని వలస పనికి) వెళ్లొచ్చిన కొడుకు తెచ్చింది. అందులో బ్యాటరీలు లేవు. ఇంటి వెనక చింతచెట్టు రెండేళ్లుగా షావుకారు దగ్గర తాకట్టు, కాయ రాల్తే ఏరుకునే హక్కు కూడా లేదు. ఆ షావుకారు మన తెలుగువాడే, మా వీధిలోనే ఉంటాడు, ఏటా అన్నదానం చేస్తాడు. పాంట్రీలో నా పక్కన నిలబడే పెద్దావిడ ఒక అమ్మాయి చేతులు చూసి "గోళ్లకి రంగు వేయించుకోవడానికి డబ్బులున్నాయి" అని నా చెవిలో గొణిగినప్పుడు నాకు ఆ రేడియోనే కళ్ల ముందు ఆడింది. బదులేమీ చెప్పలేకపోయాను. మీ బావగారికి కారు, ఆవిడకి గోళ్లు, నాకు రేడియో.

అక్కడి మనవాళ్ల సంగతి కూడా ఒక ముక్క. ఒక వ్రతం భోజనాల దగ్గర సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఇదే మాట అన్నారు: "మేం లోను తీసుకుని, వీసా టెన్షన్ పడి ఇంత దూరం వచ్చాం. వీళ్లకి ఇంగ్లీషు వచ్చు, పౌరసత్వం ఉంది, ఇంకేం కావాలి?" వాళ్ల కష్టం అబద్ధం కాదు. కానీ వచ్చేనాటికే వాళ్ల చేతిలో ఇంజినీరింగ్ పట్టా ఉంది, వెనక ఫీజు కట్టిన నాన్న ఉన్నాడు. ఆ విస్తళ్లలో సగం పులిహోర మిగిలిపోయింది, అది వేరే సంగతి. మాటల్లో మాటగా చెబుతున్నా, అక్కడ చదువుకునే మన పిల్లలు ఎవరైనా కాలేజీ పాంట్రీకి వెళ్లొచ్చా అని మొహమాటపడుతుంటే వెళ్లమనండి. స్టూడెంట్ వీసా వాళ్లకి స్నాప్ రాదు, పాంట్రీ వేరు. నెలాఖరులో నూడుల్స్‌తో గడిపి అమ్మకి ఫోన్లో "బిర్యానీ తిన్నా" అని చెప్పే కుర్రాళ్లు నాకు తెలుసు. అవసరం తీరినవాళ్లు మాత్రం వరసలో ఉండకూడదు, అంతే.

బడి పిల్లల దగ్గర ఈ అనుమానం మరీ నీచంగా కనిపిస్తుంది. అమెరికాలో 1946 నుంచి బడి భోజనం ఉంది, కానీ చాలాచోట్ల తండ్రి ఆదాయాన్ని బట్టి కొందరికి ఉచితం, కొందరికి సగం ధర, కొందరికి పూర్తి ధర. డబ్బు బాకీ పడ్డ పిల్లవాడి చేతిలోంచి వేడి భోజనం పళ్లెం వెనక్కి తీసుకుని చల్లటి చీజ్ శాండ్‌విచ్ ఇచ్చిన బడులున్నాయి. అలా అవమానించకూడదని న్యూమెక్సికో 2017లో చట్టమే చేయాల్సి వచ్చింది. కాలిఫోర్నియా 2022 నుంచి అందరికీ ఉచితం చేసింది. మన బడుల్లో పప్పు నీళ్లగా ఉంటుంది, గుడ్డు ఒక్కోసారి మాయమవుతుంది, కొన్ని ఊళ్లలో ఎవరు వండారన్న కులం గొడవ కూడా ఉంది. అయినా ఎనిమిదో క్లాసు దాకా పంక్తిలో కూర్చున్న ఎవణ్ణీ "మీ నాన్న జీతమెంత" అని అడగరు. ఈ ఒక్క విషయంలో మనమే నయం.

ఇక నీ చివరి ముక్క, ఫ్రీ బియ్యం. 'వండుకునేవాడికి ఒక్క కూర, అడుక్కునేవాడికి అరవై కూరలు' అని మన సామెత. అడుక్కునేవాణ్ణి చూసి ఈర్ష్యపడే సామెత కట్టుకున్న జాతి మనది, అమెరికావాణ్ణి అనేదేముంది. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకి 5 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం. ఒళ్లొంచి పని చేసే మనిషి రోజుకి అరకిలో బియ్యం తింటాడు, నెలకి పదిహేను కిలోలు. మూడో వంతు తిండి ఊరికే దొరికిందని మిగతా రెండొంతులు మానేసి, ఉప్పూ నూనే మందులూ మానేసి పడుకునేవాణ్ణి నాకు చూపించు. కూలీలు ఎక్కడికీ పోలేదు బాబూ. తెలంగాణ ఇటుక బట్టీల్లో ఉన్నారు, కేరళలో ఉన్నారు, గంజాం వాళ్లు సూరత్ మగ్గాల మీద ఉన్నారు. కూలీలు దొరకట్లేదు అంటే మనం ఇస్తానన్న కూలికి దొరకట్లేదని. ఇంట్లో నాలుగు గింజలుంటే మనిషి బేరమాడగలడు, మనకి గుచ్చుకుంటున్నది అదే.

బియ్యం అమ్ముకుంటున్నారు అంటావు. కొందరు అమ్ముతారు, నూనెకీ పిల్లాడి జ్వరం మందుకీ. అసలు దొంగతనం ఎక్కడ జరిగేదో చెప్పనా? 2004–05 జాతీయ నమూనా సర్వే లెక్కల్ని బట్టి ఆర్థికవేత్తలు జాన్ డ్రెజ్, రీతికా ఖేరా కట్టిన అంచనాల్లో, ఒడిశా రేషన్ ధాన్యంలో నాలుగింట మూడొంతులు ఇళ్లకి చేరనే లేదు. 2011–12కి చేరనిది పావు వంతుకి తగ్గింది. ఆ మూడొంతులు పోయిన కాలంలో మన వీధుల్లో ఎవరూ గొంతెత్తలేదు. బియ్యం ఇంటికి చేరడం మొదలయ్యాకే సోమరితనం గురించి మాట్లాడుకుంటున్నాం.

మీ బావగారితో వాదన పెట్టుకోకు. ఉపయోగం ఉండదు, ఇంటల్లుడితో గొడవ ఎందుకు. మీ అక్కని మాత్రం, నెలాఖరు వారంలో ఒక శనివారం దగ్గర్లో ఉన్న పాంట్రీకి వెళ్లి రెండు గంటలు డబ్బాలు సర్దమను. ఫోను కారులోనే వదిలి వెళ్లమను, వీడియోలు తీయొద్దను. వచ్చినవాళ్లలో ఎంతమంది "ఇది మా పక్కింటివాళ్ల కోసం" అని చెబుతారో లెక్కపెట్టమను. మా దగ్గర ఆ పక్కింటివాళ్లు చాలామందే ఉండేవారు.

మా అమ్మాయి ఇంటికి రెండిళ్ల అవతల ఒక తెల్లావిడ ఉంది, డెబ్భై దాటింది. మొదటిసారి వెళ్లినప్పుడే నాకు టమాటా నారు ఇచ్చింది, పాదు ఎలా చెయ్యాలో చూపించింది. 2024 అక్టోబరులో ఒక గురువారం పాంట్రీ వరసలో తలెత్తితే ఎదురుగా ఆవిడే. ఒక్క క్షణం ఇద్దరం చూసుకున్నాం. ఆవిడ చూపు దించుకుంది. నేను అందరికీ ఇచ్చినట్టే బంగాళాదుంపలు, పాలు, రెండు డబ్బాల చికెన్ పెట్టెలో పెట్టి అందించాను. పేరు అడగలేదు, ఆవిడా నా పేరు పలకలేదు. సాయంత్రం పోస్టు డబ్బా దగ్గర కనిపించింది. మంచు పడేలోగా పచ్చికాయలు కోసేసి పేపర్లో చుట్టి పెట్టుకోమంది. అలాగే చేస్తానన్నాను. ఎన్ని రోజులకి పండుతాయని అడిగితే, రెండు వారాలు పట్టొచ్చంది.